రోమ్‌కి రాతి సూదులు గుచ్చిన ఇంజనీరు

ఊళ్లో విగ్రహం పెట్టాలంటే మనవాళ్లు ముందు ఖాళీగా ఉన్న సర్కిల్ ఒకటి చూస్తారు. మధ్యలో దిమ్మె కడతారు, రిబ్బన్ కట్ చేస్తారు, చుట్టూ రెయిలింగ్ వేస్తారు, అయిపోయింది. ఆ విగ్రహం ఏ రోడ్డు చివర కనబడుతుంది, అక్కడ నిలబడి తల తిప్పితే ఇంకేం కనబడుతుంది, అసలు అక్కడికి మనుషులు ఎందుకొస్తారు, వచ్చినవాళ్లకి తాగడానికి నీళ్లున్నాయా అని ఎవరూ పెద్దగా ఆలోచించరు. 1585 నుంచి 1590 దాకా, అంటే మన బీటెక్ కంటే ఒక్క ఏడాది ఎక్కువ కాలంలో, రోమ్ నగరం మొత్తానికి ఇవన్నీ కలిపి ఆలోచించి, ఆలోచించినదాంట్లో చాలా భాగం నేల మీద చేసి చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు డొమెనికో ఫొంతానా. శిల్పి కాదు, చిత్రకారుడు కాదు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే సివిల్, కొంచెం మెకానికల్.

విచిత్రం ఏంటంటే, ఆయన ఊరినిండా నిలబెట్టిన వాటిల్లో పేరున్నవి చాలావరకు ఆయన పుట్టక ముందే ఉన్నవి. కొన్నయితే ఆయనకంటే మూడు వేల ఏళ్లు పెద్దవి. ఆయన చేసిందల్లా వాటిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడం, అక్కడికి చేర్చడం. చెప్పడానికి రెండు ముక్కలే. చేయడం ఎలా ఉంటుందో చూద్దాం.

ఫొంతానా 1543లో లుగానో సరస్సు ఒడ్డున మెలిదె అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇప్పుడది స్విట్జర్లాండ్‌లో ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి తాపీ మేస్త్రీలు, రాళ్లు కొట్టేవాళ్లు, గచ్చుతో బొమ్మలు చేసేవాళ్లు తరతరాలుగా ఇటలీ నగరాలకి పనికోసం వలస వెళ్లేవాళ్లు. మన పాలమూరు నుంచి ఊరూరికీ కట్టుబడి పనులకి వెళ్లినట్టే. అన్న జొవాన్ని అప్పటికే రోమ్‌లో ఉన్నాడు. 1563లో, ఇరవై ఏళ్ల వయసులో, తమ్ముడూ వెళ్లాడు. మొదట గచ్చు పని చేసేవాడు. చేస్తూ చేస్తూ పాత రోమన్ కట్టడాల్ని కొలిచి, బొమ్మలు గీసుకుని, మెల్లగా భవనాలు కట్టే స్థాయికి వచ్చాడు.

ఆయన జాతకం మార్చింది ఫెలీచె పెరెత్తి అనే కార్డినల్. ఈయన కూడా పెద్దింటి బిడ్డ కాదు. బీదకుటుంబం, చిన్నప్పుడు పందులు కాశాడని చెబుతారు. ఫ్రాన్సిస్కన్ సన్యాసిగా చేరి, బాగా చదువుకుని, కార్డినల్ దాకా ఎదిగాడు. సాంతా మరియా మజ్జోరె అనే పెద్ద చర్చిలో తనకోసం ఒక ప్రార్థనా మందిరం, ఆ దగ్గర్లోనే ఒక తోటబంగ్లా కట్టించడానికి ఫొంతానాని పెట్టుకున్నాడు. ఇంతలో అప్పటి పోప్ పదమూడో గ్రెగొరీకి ఈ కార్డినల్ కట్టిస్తున్న హంగులు చూసి కన్నెర్రయింది. బీదవాళ్లకని ఇచ్చే భత్యం ఈయనకెందుకని ఆపేశాడు. డబ్బు ఆగితే పని ఆగాలి కదా. ఆగలేదు. ఫొంతానా తను కూడబెట్టుకున్న సొమ్ము తెచ్చి పని నడిపించాడు. క్లయింటు దగ్గర డబ్బు లేనప్పుడు కాంట్రాక్టరు తన జేబులోంచి పెట్టాడంటే అది భక్తి కావచ్చు, లెక్క కావచ్చు. నాకైతే రెండూ కలిసే ఉన్నాయనిపిస్తుంది.

ఏదైతేనేం, లెక్క కుదిరింది. 1585 ఏప్రిల్ 24న పెరెత్తి పోప్ అయ్యాడు. ఐదో సిక్స్‌టస్ అని పేరు పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకి 63 ఏళ్లు. తనకి టైమ్ ఎక్కువ లేదని తెలిసినవాడు. ఫొంతానా రాత్రికి రాత్రి పోప్‌గారి ఆస్థాన వాస్తుశిల్పి అయిపోయాడు.

ఇప్పుడు అప్పటి రోమ్ ఎలా ఉండేదో కాస్త ఊహించుకోవాలి. పాత సామ్రాజ్యం రోజుల్లో పది లక్షల మంది ఉన్నారనుకునే ఆ ఊళ్లో 1585 నాటికి ఉన్నది లక్ష మంది. పాత గోడ మాత్రం పాత గోడే, లోపల సగానికి పైగా ద్రాక్షతోటలు, ముళ్లకంపలు, శిథిలాలు. జనం అంతా టైబర్ నది మలుపు దగ్గర, పల్లంలో, ఇరుకు సందుల్లో కుక్కుకుని ఉండేవాళ్లు. తూర్పున కొండల మీద గాలి మంచిది, స్థలం బోలెడు, కానీ నీళ్లు లేవు. 537లో గోత్‌ల సైన్యం ఊరిని చుట్టుముట్టినప్పుడు పాత కాలవల్ని తెగ్గొట్టింది. వెయ్యేళ్లు గడిచినా ఆ కొండల మీదికి మళ్లీ నీళ్లు ఎక్కలేదు. యాత్రికులకి ముఖ్యమైన ఏడు చర్చిల్లో చాలావాటికి ఈ ఖాళీ నేల మీదుగానే పోవాలి. సరైన బాట లేదు, దారి చెప్పేవాడు లేడు.

సిక్స్‌టస్, ఫొంతానా కలిసి వేసిన ప్లాన్ ఒక్క మాటలో ఇదీ: చర్చిల్ని తిన్నని రోడ్లతో కలపాలి, రోడ్డు చివర దూరం నుంచే కంటికి ఆనేలా ఏదో ఒకటి నిలువుగా నిలబడి ఉండాలి, దారిలో నీళ్లుండాలి. రోడ్డు, గుర్తు, నీళ్లు. ఈ మూడూ కలిస్తే మిగతాది జనమే కట్టుకుంటారు. కొత్త రోడ్డు పక్కన ఇళ్లు కట్టుకునేవాళ్లకి పోప్ రాయితీలు కూడా ఇచ్చాడు. మనం పబ్లిక్ ఆర్ట్ అని విడిగా పిలిచేదానికీ ఆ రోజుల్లో టౌన్ ప్లానింగ్‌కీ మధ్య గీత లేదు. ఈ కథలో నాకు బాగా నచ్చింది అదే.

మొదటి రోడ్డు స్త్రాదా ఫెలీచె. పోప్ అసలు పేరు మీదే. సాంతా క్రోచె చర్చి దగ్గర మొదలై సాంతా మరియా మజ్జోరె మీదుగా త్రినితా దెయ్ మోంతి దాకా, ఎత్తుపల్లాలతో సంబంధం లేకుండా ఒకే గీతలా పోతుంది. పల్లం వస్తే పూడ్చారు, గుట్ట వస్తే కోశారు. ఆ రోడ్డు మీద స్కేలు పెట్టి గీత గీసినట్టు నడవాలంటే కాళ్లు నొప్పి పుడతాయి, ఎందుకంటే ఎక్కడం దిగడం తప్పదు. కానీ దారి తప్పడం మాత్రం కుదరదు.

నీళ్ల సంగతి చూడండి. ఊరికి తూర్పున, పాలెస్త్రీనా వైపు ఉన్న ఊటల్ని 25 వేల స్కూడీలకి కొన్నారు. స్కూడో అంటే అప్పటి వెండి నాణెం. పని మొదట మత్తెయో బార్తొలాని అనే ఆయనకి ఇచ్చారు. ఆయన లెవెలింగ్ తప్పింది. నీళ్లు రావాల్సిన వైపు రాలేదు. సర్వే ల్యాబ్‌లో క్లోజింగ్ ఎర్రర్ వస్తే మనం రీడింగులు మళ్లీ తీసుకుంటాం. అక్కడ కిలోమీటర్ల కొద్దీ కాలవ మళ్లీ తవ్వాలి. పని డొమెనికో అన్న జొవాన్ని ఫొంతానా చేతికి వచ్చింది. కొంత నేల కింద, కొంత కమానుల మీద, 20 కిలోమీటర్లకు పైగా నడిపించి నీళ్లని కొండల మీదికి తెచ్చారు. దానికీ పోప్ పేరే పెట్టారు, ఆక్వా ఫెలీచె. నీళ్లు ఊళ్లోకి వచ్చేచోట డొమెనికో ఒక పెద్ద గోడలాంటి ఫౌంటెన్ కట్టాడు. మూడు కమానులు, మధ్యలో రాతిని కొట్టి నీళ్లు తెప్పించిన మోషే విగ్రహం, కింద సింహాలు. విగ్రహం పొట్టిగా, బొద్దుగా, ఎబ్బెట్టుగా ఉందని రోమ్ జనం పగలబడి నవ్వారు. ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, అక్కడి నుంచి ఊళ్లోని 27 ఫౌంటెన్లకి నీళ్లు పోయాయి. దగ్గర్లోనే ఆడవాళ్లు బట్టలు ఉతుక్కోవడానికి తొట్లు కూడా కట్టించారు. విగ్రహం సంగతి ఎలా ఉన్నా నీళ్లు మాత్రం నీళ్లే.

ఇక అసలు ఘట్టం, వాటికన్ ఒబెలిస్క్.

ఒబెలిస్క్ అంటే ఈజిప్టులో ఒకే రాయిని తొలిచి చేసిన నాలుగు పలకల స్తంభం, పైకి పోనుపోను సన్నబడి చివర మొనదేలుతుంది. రోమన్ చక్రవర్తులు వాటిని ఓడల్లో ఎత్తుకొచ్చి తమ ఆటమైదానాల్లో పెట్టుకున్నారు. కాలక్రమంలో అన్నీ పడిపోయి మట్టిలో కూరుకుపోయాయి, ఒక్కటి తప్ప. కలిగులా తెప్పించిన ఆ ఒక్కటి సెయింట్ పీటర్స్ చర్చి పక్కన, ఒక మూల, సగం చెత్తలో కూరుకుని నిలబడి ఉండేది. ఎత్తు సుమారు 25 మీటర్లు. దాన్ని చర్చి ముందుకు తేవాలని అంతకుముందు పోప్‌లు కొందరు అనుకున్నారు. మైకెలాంజెలో అంతటివాడు ఆ పనికి తల అడ్డంగా ఊపాడని చెబుతారు. జరపాల్సిన దూరం చూస్తే మహా అయితే 250 మీటర్లు. మన అడ్మిన్ బ్లాక్ నుంచి క్యాంటీన్ దాకా, అంతే. కానీ రాయి ఒకే ముక్క. విరిగితే అతికేది కాదు.

సిక్స్‌టస్ టెండర్ లాంటిది పిలిచాడు. ఎక్కడెక్కడి నుంచో దాదాపు 500 మంది తమ తమ ఉపాయాలతో వచ్చారు. నిలువుగానే జరుపుదామన్నవాళ్లున్నారు, ఏటవాలుగా వంచి లాగుదామన్నవాళ్లున్నారు. ఫొంతానా ఒక చెక్క మోడల్ తెచ్చాడు. అందులో సీసంతో చేసిన చిన్న ఒబెలిస్క్. కమిటీ ముందు దాన్ని లేపి, పడుకోబెట్టి, మళ్లీ లేపి చూపించాడు. వర్కింగ్ మోడల్ తెచ్చినవాడికి మార్కులు పడటం అప్పటి నుంచే ఉందన్నమాట. కమిటీ డిజైన్ ఒప్పుకుంది. కానీ 42 ఏళ్ల కుర్రాడికి ఇంత పని ఎలా అప్పజెప్తామంటూ, అమలు చేసే బాధ్యత అమ్మన్నాతి, జాకొమో దెల్లా పోర్తా అనే ఇద్దరు పెద్దలకి ఇచ్చింది. ఫొంతానా నేరుగా పోప్ దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నాడు. ఒకరి బుర్రలో పుట్టినదాన్ని ఇంకొకరు సరిగ్గా చేయలేరన్నది ఆయన వాదన. పోప్ ఒప్పుకున్నాడు. తేడా వస్తే తల ఎవరిది పోతుందో కూడా అక్కడితో తేలిపోయింది.

ఆయన లెక్క ఎలా కట్టాడో చూస్తే ముచ్చటేస్తుంది. అదే జాతి రాతిలోంచి ఒక ఘనపు ముక్క కోయించి తూకం వేయించాడు. పాల్మో అని జానెడంత కొలత ఒకటుండేది. ఘన పాల్మోకి 86 రోమన్ పౌన్లు వచ్చింది. ఒబెలిస్క్ ఘనపరిమాణం కట్టి గుణిస్తే 9,63,537 పౌన్లు. ఇప్పటి కొలతలో దాదాపు 327 టన్నులు. నిలువు ఇరుసుకి మోకు చుట్టి, గానుగెద్దుల్లా గుర్రాలు చుట్టూ తిరుగుతుంటే తాడు లాగే యంత్రం ఉంటుంది, కాప్‌స్టన్ అంటారు. మంచి మోకు, కప్పీలు, నాలుగు గుర్రాలు ఉంటే ఒక కాప్‌స్టన్ 20 వేల పౌన్లు ఎత్తుతుందని ఆయన అంచనా. 40 పెడితే 8 లక్షలు. మిగతా లోటుకి ఐదు పెద్ద దుంగల్ని మీటల్లాగా వాడాడు. పేజీలో పావు వంతు కూడా పట్టని లెక్క. మన మెకానిక్స్ ల్యాబ్ రికార్డులో దీనికంటే పెద్ద లెక్కలుంటాయి.

327 టన్నులంటే ఎంతో అందాజు కోసం మన హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి తలుచుకోవచ్చు. అదీ ఒకే రాయి, బరువులో ఇదే కోవ. 1990 మార్చిలో ఆ విగ్రహం బార్జ్ మీంచి నీళ్లలోకి జారింది, మనుషులు చనిపోయారు. మళ్లీ పైకి తెచ్చి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. నాలుగొందల ఏళ్ల తర్వాత, ఇంజన్లు ఉన్న కాలంలో కూడా పరిస్థితి అదీ.

ఫొంతానాకి పోప్ ఇచ్చిన అధికారాలు చూస్తే ఏ ప్రాజెక్ట్ మేనేజరుకైనా అసూయ పుడుతుంది. కలప, తాడు, ఇనుము, గుర్రాలు, మనుషులు – ఎక్కడున్నా తెచ్చుకోవచ్చు. అడ్డొచ్చిన ఇళ్లు కొట్టేయొచ్చు. పెద్ద పెద్ద దూలాలు అడవుల నుంచి బళ్ల మీద వచ్చాయి, మోకులు ఫొలీన్యో ఊరి జనపనారతో పేనినవి. ఒబెలిస్క్ చుట్టూ కోటలాంటి పరంజా లేచింది. రాయికి రెల్లు చాపలు చుట్టి, మందపాటి పలకలు కట్టి, ఇనుప పట్టీలు బిగించారు.

1586 ఏప్రిల్ 30. తెల్లవారక ముందే ప్రార్థనలు చేశారు. 907 మంది మనుషులు, 75 గుర్రాలు. ఊరంతా చుట్టూ చేరింది. కంచె దాటినవాడికి మరణశిక్ష, నోరు విప్పినవాడికి భారీ శిక్ష అని చాటింపు వేశారు. కారణం క్రూరత్వం ఒక్కటే కాదు. బాకా ఊదితే కాప్‌స్టన్లు తిరగాలి, పరంజా పైన గంట మోగితే ఆగాలి. నలభై జట్లు ఒకేసారి కదలాలి, ఒకేసారి ఆగాలి. ఆ రెండు శబ్దాలు వినబడకపోతే రాయి పోతుంది, కింద ఉన్నవాళ్లూ పోతారు. పరంజా కింద పనిచేసే వడ్రంగులకి తలకి ఇనుప టోపీలు పెట్టించాడు. సైట్‌లో హెల్మెట్ లేకపోతే ఫైన్ అని ఇవాళ బోర్డులు పెడుతున్నాం కదా, అప్పుడే చేశాడాయన. ఎవరూ చోటు వదలకూడదని మధ్యాహ్నం భోజనం బుట్టల్లో కాప్‌స్టన్ల దగ్గరికే పంపాడు.

మొదటి తిప్పులోనే పెద్ద చప్పుడు. పైన బిగించిన ఇనుప పట్టీ ఒకటి తెగింది. ఆపి, చూసి, సరిచేసి, మళ్లీ మొదలుపెట్టారు. పన్నెండు విడతల్లో, పొద్దు వాలేసరికి, రాయి 60 సెంటీమీటర్లు పైకి లేచింది. రోజంతా కష్టపడితే మోకాలెత్తు. ఊరు ఊరంతా పండగ చేసుకుంది. మే 7న దాన్ని మెల్లగా పడుకోబెట్టారు. కొత్తచోటు పల్లంలో ఉండటంతో మట్టికట్ట ఒకటి పోసి, దాని మీద దుంగల రోలర్లు పరిచి, ముందుకు దొర్లించారు. ఎండాకాలం విరామం. సెప్టెంబరు 10న మళ్లీ లేపారు: 800 మంది, 140 గుర్రాలు, 52 విడతలు. సాయంత్రానికి రాయి నిలువయింది.

ఈ సందర్భం గురించి ఒక కథ చాలామంది చెబుతారు. తాళ్లు వేడెక్కి తెగబోతుంటే గుంపులోంచి ఒక నావికుడు చావుకి తెగించి, తాళ్లు తడపమని అరిచాడని, పోప్ శిక్షకి బదులు బహుమానం ఇచ్చాడని. వినడానికి బాగుంది. కానీ ఫొంతానా 1590లో ఈ పని మీద బొమ్మలతో సహా పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ప్రతి మేకు లెక్కా రాసిన ఆ పుస్తకంలో ఈ నావికుడు లేడు. ఆయన రాసిన ఇంకో విషయం మాత్రం నాకు బాగా నచ్చింది. ఒబెలిస్క్ కొనమీద ఉన్న కంచు బంతిలో జూలియస్ సీజర్ చితాభస్మం ఉందని తరాలుగా నమ్మకం. దించాక ఫొంతానా స్వయంగా చూశాడు. ఒకే పోతగా పోసిన బంతి, ఎక్కడా అతుకు లేదు. 1527లో సైనికులు ఊరు దోచుకున్నప్పుడు కాల్చిన తుపాకీ గుళ్ల చిల్లులున్నాయి. లోపల చిల్లుల్లోంచి చేరిన దుమ్ము తప్ప ఏమీ లేదు.

మొదటిది కుదిరాక మిగతావి చకచకా సాగాయి. 1587లో సాంతా మరియా మజ్జోరె వెనక ఒకటి. 1588లో లాతెరాన్ చర్చి దగ్గర ఒకటి. ఇది పాత రథాల పందేల మైదానంలో, బురదలో, మూడు ముక్కలై దొరికింది. నీళ్లు తోడుతూ తవ్వి తీసి, అతికి నిలబెట్టారు. ప్రపంచంలో ఇవాళ నిలబడి ఉన్న ఈజిప్టు ఒబెలిస్కుల్లో అదే పెద్దది, 32 మీటర్లు. 1589లో ఉత్తర ద్వారం లోపల, పియాజ్జా దెల్ పొపొలోలో ఇంకొకటి. ఉత్తరం నుంచి వచ్చే ఏ యాత్రికుడికైనా ఊళ్లో అడుగుపెట్టగానే ఎదురొచ్చేది అదే. నాలుగూ ఫొంతానా చేతి మీదుగానే.

వీటిని ఒక మ్యాప్ మీద పెట్టి చూస్తే అలంకారంలా కనబడవు. సర్వేలో రేంజింగ్ రాడ్లు పాతినట్టు కనబడతాయి. ఎక్కడ పాతారో అక్కడ ఆ తర్వాత చౌకు వచ్చింది. సెయింట్ పీటర్స్ ముందు రాయి నిలబెట్టినప్పుడు వెనక గోపురమే పూర్తి కాలేదు. 1588–90 మధ్య దెల్లా పోర్తా, ఫొంతానా కలిసి దాన్ని 22 నెలల్లో లేపారు. చర్చి ముఖభాగం 1612 నాటిది, కట్టింది ఫొంతానా మేనల్లుడు కార్లో మదెర్నో. బెర్నీని స్తంభాల వలయం 1656 తర్వాతది, అది ఒబెలిస్క్‌నే మధ్య బిందువుగా తీసుకుంది. అంటే మనం ఫొటోల్లో చూసే ఆ మైదానంలో ముందు వచ్చింది గుర్తు, తర్వాతే మైదానం. స్త్రాదా ఫెలీచెని ఇంకో రోడ్డు కోసేచోట నాలుగు మూలలా నాలుగు ఫౌంటెన్లున్నాయి. అక్కడ నిలబడితే ఇవాళ మూడు దిక్కుల్లో మూడు ఒబెలిస్కులు కనబడతాయి. వాటిలో రెండు 1780ల్లో వేరే పోప్ పెట్టించినవి. రెండొందల ఏళ్ల తర్వాత కూడా ప్లాన్ నడుస్తూనే ఉంది.

ఇదంతా చదివి ఫొంతానా పాత కళని ప్రేమించాడనుకుంటే పొరపాటే. రెండో శతాబ్దపు ట్రాజన్ స్తంభం మీద పీటర్ విగ్రహం, మార్కస్ అరేలియస్ స్తంభం మీద పాల్ విగ్రహం ఎక్కించారు. రెండోదాని దిమ్మె మీద ఆ స్తంభం వేరే చక్రవర్తిదని తప్పు చెక్కించారు, అదింకా అలాగే ఉంది. పాలటైన్ కొండ కింద సెప్తిజోదియం అని మూడంతస్తుల పాత కట్టడం మిగిలి ఉంటే, రాళ్ల కోసం మొత్తం పీకేయించారు. ఒబెలిస్కుల దిమ్మెలకి వాడిన రాయిలో కొంత దానిదే. సెసీలియా మెతెల్లా సమాధి కూడా లిస్టులో ఉండేది, ఊరి పెద్దలు గోల చేస్తే బతికింది. వాటికన్ లైబ్రరీ కట్టడానికి బ్రమాంతె వేసిన అందమైన బెల్వెదెరె ప్రాంగణాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేశాడు. కొలోసియంని ఉన్ని మిల్లుగా మార్చి కింద మగ్గాలు, పైన కార్మికుల ఇళ్లు పెట్టాలని కూడా డ్రాయింగులు వేశాడు. సిక్స్‌టస్ ఇంకొన్నాళ్లు బతికి ఉంటే అదీ అయ్యేదే. ఆయన దృష్టిలో పాత రాయి రెండు రకాలు: దూరం నుంచి కనబడేది, పనికొచ్చే మెటీరియల్. మూడో రకం లేదు.

డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? పన్నుల నుంచి, పదవులు అమ్మగా వచ్చిన సొమ్ము నుంచి. ఒకవైపు ఇంత ఖర్చు పెడుతూనే ఇంకోవైపు కోటలో 40 లక్షల స్కూడీలకు పైగా బంగారం, వెండి పోగేశాడు పోప్. వైన్ మీద కూడా పన్నే. జనం ఒబెలిస్కులు చూసి నోరెళ్లబెట్టారు, ఇంటికెళ్లి తిట్టుకున్నారు. 1590 ఆగస్టు 27న సిక్స్‌టస్ చనిపోయాడు. కబురు తెలియగానే గుంపొకటి కాపిటల్ కొండ మీదున్న ఆయన విగ్రహాన్ని పడగొట్టడానికి పోయింది. అతి కష్టం మీద ఆపారు. తర్వాత బతికున్న పోప్‌కి విగ్రహం పెట్టకూడదని నగర సభ తీర్మానం చేసుకుంది. ఊరినిండా గుర్తులు నిలబెట్టించినాయన సొంత విగ్రహానికి పట్టిన గతి అది.

అండ పోయాక ఫొంతానా ఎక్కువ కాలం నిలవలేదు. పోటీదారులు ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నారు. లెక్కల్లో తేడాలున్నాయని, ప్రజల సొమ్ము తిన్నాడని ఆరోపణలు వచ్చాయి. 1592లో కొత్త పోప్ ఎనిమిదో క్లెమెంట్ ఆయన్ని పదవిలోంచి తీసేశాడు. నిజంగా తిన్నాడా అంటే, అంత తొందరలో అంత పని చేయించినవాడి వోచర్లన్నీ సరిగ్గా ఉంటాయని నేనైతే అనుకోను. కానీ అప్పట్లో పోప్ మారితే పాతవాళ్ల లెక్కలు తిరగేయడం కూడా మామూలే.

ఆయన నేపుల్స్ వెళ్లిపోయాడు. అది స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉంది. అక్కడి వైస్రాయ్ రాజ ఇంజనీరు పదవి ఇచ్చాడు. రోడ్లు సరిచేశాడు, కొత్త హార్బర్‌కి ప్లాన్ గీశాడు గానీ అది కాగితం దాటలేదు. 1600లో రాజభవనం మొదలుపెట్టాడు, దాని పొడవాటి ముఖభాగం ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లోనే సార్నో నది నుంచి మిల్లులకి నీళ్లు తేవడానికి ఒక కాలవ తవ్వించాడు. దారిలో ఒక గుట్ట అడ్డొచ్చింది. అలవాటు ప్రకారం చుట్టూ తిప్పకుండా తిన్నగా సొరంగం పెట్టాడు. తవ్వుతుంటే రంగులేసిన గోడలు, అక్షరాలు చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. పని ఆగలేదు, కాలవ ముందుకు సాగింది. ఆ గుట్ట కింద ఉన్నది పాంపేయి. పదిహేనొందల ఏళ్ల కిందట బూడిదలో కూరుకుపోయిన ఊరు మధ్యలోంచి ఆయన కాలవ వెళ్లింది, ఆయనకి తెలియలేదు. నూటయాభై ఏళ్ల తర్వాత గానీ అక్కడ తవ్వకాలు మొదలుకాలేదు.

1604లో తన పుస్తకానికి రెండో భాగం కలిపి నేపుల్స్‌లో అచ్చు వేశాడు. 1607లో అక్కడే పోయాడు. రాజభవనం పని కొడుకు జూలియో చేజరె కొనసాగించాడు.

వాటికన్ ఒబెలిస్క్ దిమ్మెకి నాలుగు వైపులా పెద్ద పెద్ద అక్షరాలతో పోప్ పేరు, దేవుడి మహిమ చెక్కి ఉంటాయి. ఉత్తరం వైపు కింద, కాస్త వంగి చూస్తే గానీ కనబడనంత చిన్న అక్షరాల్లో ఇంకో లాటిన్ ముక్క ఉంది. మోసుకొచ్చి నిలబెట్టినవాడి పేరు డొమెనికో ఫొంతానా అని, పక్కనే ఆయన ఊరు మెలిదె అని.